పెద్ద లేని ఊరు

కొండ మీది అబ్జర్వేటరీ,
అల్మాటీ.
అక్టోబరు 14, మంగళవారం.

మహారాజశ్రీ డైరెక్టరు మౌలెన్ గారి సముఖానికి,

కొండ మీది రాబిగా సలాం చెప్పి రాస్తున్నది. ఇక్కడ నేనూ, టెలిస్కోపు గోపురమూ, వంటగదిలో పిల్లీ కులాసా. అక్కడ మీ పశువులూ, మీ ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తాను. మన పద్ధతిలో ముందు పశువుల్నే కదా అడగాలి. మీకు గొర్రెలూ గుర్రాలూ లేవు కాబట్టి మీ శాస్త్రమండలి సభ్యుల గురించి అడుగుతున్నాను. మేత సరిగ్గా అందుతోందా? తల ఊపడం మర్చిపోలేదు కదా?

మర్యాద ఇక్కడితో సరి. ఇకనుంచి నువ్వు అనే రాస్తాను. మనిద్దరం ఒకే ఏడు పుట్టిన కుర్దాస్‌లం. కుర్దాస్ ఎంత మాటన్నా కుర్దాస్‌కి కోపం రాకూడదని మన పెద్దలు పెట్టిన కట్టుబాటు నీకు గుర్తుందనుకుంటాను. పెద్దల పేరు చెప్పుకుని బతికే మనిషివి, ఆ మాత్రం గుర్తుండాలి.

నీ ఉత్తరం అందింది. శుక్రవారం మండలి సమావేశమట. ఉల్బోసిన్‌ను పరిశోధన నుంచి తొలగించే తీర్మానం పెడతావట. ఆ పిల్లకు చదువు చెప్పినదాన్ని కాబట్టి నేను లేచి నిలబడి, తొందరపడింది తనేనని, సంస్థను నవ్వులపాలు చేసింది తనేనని నలుగురిలో చెప్పాలట. చెబితే గోపురం కప్పుకి కొత్త మోటారు మంజూరు చేస్తావట. ఆ మోటారు ముక్క చదివినప్పుడు నాకు కోపం కూడా రాలేదు, జాలేసింది. పాత మోటారు చచ్చిపోయినప్పటి నుంచీ ఆ కప్పుని నా చేత్తోనే తిప్పి తెరుస్తున్నాను. నా కండలు చూస్తే నీ డ్రైవరు కూడా పక్కకు తప్పుకుంటాడు.

ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోనులో అయితే మధ్యలో మీటింగుందని పెట్టేస్తావు. కాగితానికి ఎదురు చెప్పలేవు. కాకపోతే కాగితంతో నీకున్న పేచీ నాకు తెలుసు. మొదటి పేజీ దాటి ఏదీ చదవవు. యూనివర్సిటీలో పుస్తకాలన్నీ అలాగే చదివావు, మిగతాది హాస్టలు మెట్ల మీద నేను చెబుతుంటే విని పరీక్ష రాశావు. ఈ ఉత్తరం మాత్రం చివరి అక్షరం దాకా చదువు. నీ మంచికే చెబుతున్నాను, నీ మంచి నేను కోరడం అరుదు.

రాస్తుంటే చేతికున్న వెండి కంకణం బల్లకు తగిలి చప్పుడవుతోంది. రాబిగా చేతికి కంకణమేమిటని నవ్వకు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు జరిగింది జరిగినట్టు రాస్తాను. మండలివాళ్లకు చదివి వినిపించుకో.

పోయిన చలికాలం ఉల్బోసిన్ ఇక్కడే ఉండి పనిచేసింది. నలుగురు ఆడపిల్లల తర్వాత తనూ ఆడపిల్లే పుట్టింది కాబట్టి, తర్వాతైనా కొడుకు పుట్టనీ అనే అర్థంతో ఇంట్లో ఆ పేరు పెట్టారు. ఎవరైనా దాని గురించి అడిగితే, నా తర్వాత తమ్ముడు పుట్టాడు కదా, పేరు పనిచేసింది అంటుంది. అలాంటి పిల్ల. అంతరిక్షంలోని టెలిస్కోపు తీసిన చిత్రాలు అందరికోసం బయట పెడతారు కదా, వాటిలో ఒక మూల, ఇంకెవరూ చూడని మూల, మసగ్గా ఎనిమిది ఎర్రటి చుక్కలు గుంపుగా ఉండటం తను పట్టుకుంది. ఊరికే అక్కడొకటి ఇక్కడొకటి చల్లినట్టు లేవు. చలికాలపు మకాంలో గుడారాలు వేసుకున్నట్టు దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఎనిమిది గెలాక్సీలు, ఒక ఊరు.

ఆ వెలుగు బయలుదేరి 1,280 కోట్ల ఏళ్లయి ఉంటుందని లెక్క తేలింది. అంటే అప్పటికి విశ్వానికే వంద కోట్ల ఏళ్లు. అంత చిన్నతనంలోనే గెలాక్సీలు గుంపు కట్టడం మొదలుపెట్టాయంటే అది చిన్న సంగతి కాదు. నీకిది తెలుసనుకో. మండలిలో ఒకరిద్దరికి తెలియకపోవచ్చని రాస్తున్నాను.

అయితే ఎర్రగా కనిపించిందల్లా దూరంగా ఉన్నట్టు కాదు. దుమ్ము కప్పుకున్న దగ్గరి గెలాక్సీ కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది. రంగు చూసి వేసేది అంచనా. అసలు దూరం తేలాలంటే ఆ వెలుగును వర్ణపటంగా విడదీసి, అందులో హైడ్రోజన్ గీత ఎక్కడ పడిందో చూడాలి. అంత మసక వెలుగును విడదీయడం మన గోపురం వల్ల కాదు. చిలీలో పెద్ద టెలిస్కోపుకు అర్జీ పెట్టుకున్నాం. ఆకులు రాలే రోజుల్లో కొన్ని గంటలు ఇస్తామన్నారు.

అంతవరకూ నోరు విప్పొద్దని ఉల్బోసిన్‌తో చెప్పాను. పుట్టిన బిడ్డను నలభై రోజులు గడిచేదాకా పరాయివాళ్లకు చూపించం. కొండ మీద కొత్త విషయానికి కూడా నాది అదే పద్ధతి. ఇంట్లోనే పెట్టుకుని, తిప్పి తిప్పి చూసి, తప్పుంటే మనమే పట్టుకోవాలి. ఆ పిల్ల సరేనంది. తల్లికి కూడా చెప్పలేదు.

ఏప్రిల్లో నువ్వొచ్చావు. మోకాళ్ల నొప్పులని మూలుగుతూ మెట్లెక్కి, కుర్త్ ఎండుపెరుగు ఉండలు నములుతూ తెర ముందు కూర్చున్నావు. చుక్కలు చూసి ఇంతేనా అన్నావు. తర్వాత నువ్వన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“ఊరంటున్నారు, మరి ఊరి పెద్ద ఏడే?”

ఆ ఎనిమిదీ ఒకే తీరు చిన్న చుక్కలు. వాటి మధ్యలో ధగధగా ఎర్రగా తొమ్మిదోది ఉంది. దాన్ని ఉల్బోసిన్ మొదటే పక్కన పెట్టేసింది. దుమ్ముదని తనకి అనుమానం, ఎందుకో తన పరిశోధన పత్రం నాలుగో పేజీలో రాసింది. నువ్వు కుర్త్ పట్టుకున్న వేలితోనే తెర మీద పొడిచి, అదిగో, అదే ఈ ఊరి అక్సకాల్, తెల్లగడ్డం పెద్దాయన అన్నావు.

“అది ఈ ఊరిది కాదు అగాయ్, దారిన పోయేది.” ఉల్బోసిన్ నెమ్మదిగానే చెప్పింది.

“పెద్ద లేకుండా ఊరెక్కడైనా ఉంటుందా? నువ్వసలు ఊళ్లోనే పుట్టావా పిల్లా?”

“అప్పటికింకా పెద్దలెవరూ లేరు అగాయ్. విశ్వమే పసిది. అందరూ పిల్లలే.”

నీ డ్రైవరు నవ్వాడు. నువ్వు నవ్వలేదు. నేను కూడా చెప్పాను, చిలీ నుంచి వచ్చేదాకా ఆగమని. ఇప్పుడు కాకపోతే ఇంకో పదిలక్షల ఏళ్లకైనా అవి అక్కడే ఉంటాయి, ఎక్కడికీ పోవని కూడా చెప్పాను. అవి పోవులే కానీ నా పదవి పోతుందని నువ్వు నవ్వుతూ అన్నావు. నవ్వులాటకు అన్నావనుకున్నాను.

వారం తిరక్కుండా టీవీలో కనిపించావు. “సూయిన్షి, జనమా!” అన్నావు.

ఒరేయ్, శుభవార్త మోసుకొచ్చినవాడు సూయిన్షి అని చేయి చాపితే, విన్నవాడు చేతికందింది బహుమానంగా ఇవ్వాలి. మీ నాన్న, పాపం మంచి మనిషి, గుర్రం ఈనిందని పరిగెత్తుకొచ్చి చెప్పినవాడికి తలమీది టోపీ తీసి ఇచ్చేవాడు. అయితే గుర్రం ఈనిన తర్వాత చెప్పేవాళ్లు. కడుపు చూసి సూయిన్షి అడిగినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను.

అంతటితో ఆగావా? పత్రంలో లేని తొమ్మిదోదాన్ని తెర నిండా చూపించి, దానికి మీ ఏడో తరం తాత పేరు పెట్టావు. ఏడు తరాల పేర్లు గడగడా చెప్పలేనివాడు కజాకే కాదంటారు, నిజమే. చెప్పుకోమన్నారు కానీ ఆకాశానికి అతికించమన్నారా? ఎనిమిది చిన్నవాటికి నువ్వు పేర్లు కూడా పెట్టలేదు. తాతగారి చుట్టూ మనవలంటూ చేయి ఊపేశావు.

ఆ తర్వాత విందు. ప్రాంతాధికారి లేచి, సూయిన్షి తెచ్చినందుకు నీ భుజాల మీద నీలం చపాన్ కప్పాడు. మెడ నుంచి పాదాల దాకా బంగారు జరీ. ముఖ్య అతిథివని గొర్రె తలకాయ నీ ముందు పెట్టారు. నువ్వు కత్తితో ఒక చెవి కోసి బల్ల చివర కూర్చున్న ఉల్బోసిన్‌కు పంపించావు. చిన్నపిల్లలకు ఇచ్చే ముక్క అది, పెద్దల మాట చెవిన పెట్టమని. ఎనిమిది గెలాక్సీలు కనిపెట్టిన పిల్లకు చెవి, ఏమీ కనిపెట్టని నీకు తలకాయ. ఆ పిల్ల దాన్ని చేతిలో పట్టుకుని నావైపు చూసింది. తినమ్మా, ఉప్పు సరిపోయిందన్నాను. ఆ పూట నేను చేసిన పిరికి పనేదైనా ఉంటే అదొక్కటే.

అప్పట్నుంచీ ఆ చపాన్ వేసుకోకుండా నువ్వు మండలికి రావటంలేదట. జులై ఎండలో కూడా వేసుకొచ్చావని విన్నాను. ఆ జరీ కింద చెమట వాసన ఎలా ఉంటుందో పక్కన కూర్చున్నవాళ్లను అడగాలి.

ఆగస్టులో యూరప్ నుంచి ఒక బృందం చిన్న పత్రం వేసింది. తొమ్మిదోది దూరపుది కాదని, దుమ్ము కొట్టుకున్న దగ్గరి గెలాక్సీ అని, అనుమానం లేకుండా తేల్చేశారు. అంటే ఉల్బోసిన్ నాలుగో పేజీలో రాసిందే వాళ్లూ చెప్పారు. మీ తాతగారు ఆ ఊరి పెద్ద కాదు, వాకిట్లో దుమ్ము రేపుకుంటూ పోయిన బాటసారి. ఒక్కరోజులో నీ మీద నవ్వని నోరు లేదు.

అప్పుడైనా తప్పు నాదని అన్నావా? పత్రికవాళ్లను పిలిచి, అనుభవం లేని ఒక అమ్మాయి తొందరపాటు వల్ల ఇదంతా జరిగిందన్నావు. పెద్దే దొంగవాడైతే ఊరు నిజమెలా అవుతుంది, మొత్తం ఊరే ఉత్తదన్నావు. ఎనిమిదింటి దూరం ఇంకా తేలలేదు కాబట్టి, నీ మండలి ఆ మాటకు తల ఊపింది. నాలుగో పేజీ తీసి చూడండని ముగ్గురు సభ్యుల దగ్గరికి నేనే వెళ్లాను. ఒకాయన టీ ఇచ్చాడు. మిగతా ఇద్దరు అదీ ఇవ్వలేదు.

తర్వాత నువ్వు చేసిన పని మాత్రం నీకే చెల్లింది. నీ టీవీ మాటల తర్వాత ఆ పత్రాన్ని విజ్ఞాన పత్రికకు పంపక తప్పలేదు కదా, దాని మీద ముందు ఉల్బోసిన్ పేరు, తర్వాత నాది, డైరెక్టరువి కాబట్టి అలవాటు ప్రకారం చివర నీది. నీ పేరు తీసెయ్యమని నువ్వే ఆ పత్రికకు రాశావు. నేను ఫోను చేసి, చిలీ నుంచి వర్ణపటాలు వచ్చే వేళయింది, కాస్త ఆగు అన్నాను.

“కాలిపోతున్న ఇంట్లో కూర్చోమంటావా రాబిగా?” అన్నావు.

సరే, నీ ఇష్టమన్నాను. పత్రికవాళ్లు మా ఇద్దరి సమ్మతి అడిగితే ఇచ్చాం. నీ పేరు తీసేశారు. ఒకసారి తీశాక మళ్లీ చేర్చడం కుదరదని కూడా జాబు రాశారు. నీకూ ఒక ప్రతి వచ్చే ఉంటుంది, రెండో పేజీలో ఉంటుంది ఆ ముక్క.

ఇక ఆ పిల్ల సంగతి. హాస్టలు గది ఖాళీ చేసి నరిన్‌కోల్ వైపు వాళ్ల ఊరికి వెళ్లిపోయింది. మొన్న ఆదివారం బస్సెక్కి అక్కడికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో అడగకు, చెబుతాను. తమ్ముడి భార్య గుమ్మంలోనే ఎదురొచ్చి, పాలు పితకడానికి మా ఆడబిడ్డ బాగానే అలవాటు పడిందండీ అంది. వెక్కిరింపో మెచ్చుకోలో నాకు అర్థం కాలేదు. ఊళ్లోవాళ్లకు మాత్రం వెక్కిరింపే. సంతలో ఎదురుపడి, నీ ఆకాశంలో ఊరికి బస్సుందా అని అడుగుతున్నారట. ఆ పిల్ల సంతకు వెళ్లడం మానేసింది. పెళ్లి చేసి పంపించెయ్యడం మంచిదని మేనమామ సంబంధాలు చూస్తున్నాడు.

తల్లి నాకు పియాలాలో పాలటీ పోసి, నూనెలో వేయించిన బౌర్సాక్‌లు నా ముందుకు జరిపింది. అప్పుడు అడిగింది.

“మా పిల్ల అబద్ధం ఆడిందా అపాయ్? ఆడి ఉంటే ఆడిందని చెప్పండి, తల దించుకుని బతుకుతాం. ఆడకపోతే ఆ ముక్క చెప్పండి.”

మౌలెన్, ఆ ప్రశ్నకు నేనేం చెప్పానో ఇక్కడ రాయను. ఆ ప్రశ్న వినాల్సింది నువ్వు. ఆ మట్టి అరుగు మీద కూర్చుని, ఆ టీ తాగుతూ, ఆ మొహం చూస్తూ వినాల్సింది. నీకంత ధైర్యం లేదు. చపాన్ వేసుకుంటే ఆ గుమ్మంలో పట్టవు కూడా.

ఉల్బోసిన్ పాలచెంబుతో లోపలికొచ్చి నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. కోటు వేసుకో, పోదాం అన్నాను. చేతులు కడుక్కుని వచ్చింది. ఇప్పుడు పక్కన వంటగదిలో మాంసం చారు తాగుతోంది, పిల్లికి కూడా పెడుతోంది. పిల్లికి పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినదు.

నిన్ను చూస్తే నాకు అసహ్యం వేస్తోంది. ఈ మాట వెక్కిరింపుగా రాయడంలేదు, నేరుగా రాస్తున్నాను. ఎందుకంటే నాకు ఇంకో మౌలెన్ తెలుసు. చదువుకునే రోజుల్లో ఇదే గోపురంలో గాజుపలకల మీద ఫొటోలు తీసేవాళ్లం. పలక నిండేదాకా గురినక్షత్రం మీది నుంచి కన్ను తియ్యకూడదు. ఒకసారి గడ్డకట్టే చలికి నీ కనురెప్పల వెంట్రుకలు టెలిస్కోపు ఇనుముకి అతుక్కుపోయాయి. కదిలితే పలక పాడవుతుందని నువ్వు కదల్లేదు. పలక పూర్తయ్యాక రెప్ప లాక్కున్నావు, వెంట్రుకలు అక్కడే ఉండిపోయాయి. ఏడుస్తూ నవ్వావు. ఆ కుర్రాణ్ణి నేను ఎంతో గౌరవించాను. వాడే ఉంటే ఉల్బోసిన్ పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఏదీ, నాలుగో పేజీ చూపించు అనేవాడు. వాణ్ణి నువ్వెక్కడ పారేశావో నాకు తెలియదు.

కాబట్టి నీ ఉత్తరానికి నా జవాబు ఇది. శుక్రవారం వస్తాను. ఉల్బోసిన్‌ను కూడా తీసుకొస్తాను. నువ్వు చెప్పమన్నది మాత్రం చెప్పను. నీ మోటారు నువ్వే ఉంచుకో, మండలి గదిలో కిటికీ తెరవడానికి పనికొస్తుంది.

మీ శాస్త్రమండలి మంద మొత్తానికీ నా సలాములు. నీ భార్యకు మాత్రం నిజమైన సలాం. ఇన్నేళ్లు నిన్ను భరించిన మనిషి.

ఇట్లు,
నీ కుర్దాస్,
రాబిగా

తా.క.: ఇక్కడిదాకా చదివావా? చదివి ఉంటే నేను కాస్త పొరబడ్డాను. అయినా సంతోషమే.

సూయిన్షి, మౌలెన్.

చిలీ నుంచి వర్ణపటాలు శనివారం వచ్చాయి. ఎనిమిదింటిలోనూ హైడ్రోజన్ గీత ఒకే చోట పడింది. గీతకు నీలం వైపు వెలుగు గోడ కట్టినట్టు ఆగిపోయింది, అది అంత దూరపు వెలుగుకే ఉండే గుర్తు, కాబట్టి అనుమానానికి చోటు లేదు. ఎనిమిదీ ఒకే ఊరివి, ఉల్బోసిన్ చెప్పినంత దూరంలోనే ఉన్నాయి. పెద్దెవరూ లేరు. అందరూ పిల్లలే.

ఈ ఉత్తరంలో మొదటి అక్షరం రాయకముందే ఇది నాకు తెలుసు. ఆదివారం అంత దూరం బస్సులో వెళ్లింది ఆ తల్లిని సూయిన్షి అడగడానికే. గెలాక్సీ అంటే ఏమిటో, అది దొరికితే ఏమొస్తుందో ఆమె అడగలేదు. మీ పిల్ల చెప్పింది నిజమని నేననగానే, చేతికున్న కంకణం లాగి నా చేతికి తొడిగింది. పెళ్లినాటిదట. నా మణికట్టు లావు, రక్తం వచ్చేలా తోసింది. వద్దనకూడదు కదా, తీసుకున్నాను.

ఇక నీ వంతు. శుభవార్త తెచ్చాను, ఒట్టి చేతులతో పంపకూడదు. నాకు కావలసింది ఆ చపాన్. అది సూయిన్షికి ఇచ్చింది, సూయిన్షి తెచ్చింది నువ్వు కాదు.

శుక్రవారం మేమిద్దరం మండలి గది తలుపు దగ్గర నిలబడి ఉంటాం. చపాన్ వేసుకుని వచ్చావంటే, నువ్వు మొదటి పేజీ దాటలేదని మాకు తెలిసిపోతుంది. అప్పుడు నిన్ను ఆపను. తీర్మానం మొత్తం చదవనిచ్చి, ఆ తర్వాత ఆ పిల్లను లేచి వర్ణపటాలు బల్ల మీద పరవమంటాను. మడిచి చేతిలో పట్టుకొచ్చావంటే, ఆ తలుపు దగ్గరే నీ చేత్తోనే ఆ పిల్ల భుజాల మీద కప్పు. తనకి పొడుగవుతుంది. అంచు మడిచి నేను కుడతాను.